సీసా పంపిస్తే సరి

నాన్నగారు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నారా? అడిగిందే పదిసార్లు అడుగుతున్నారా? ఊళ్లో అమ్మ ఒక్కతే ఆయన వెనక తిరుగుతోందా? కంగారు పడకండి. కూర్చున్న చోటి నుంచి కదలకుండా కొడుకు బాధ్యత తీర్చుకోవచ్చు.

1. ముందు జబ్బుకి "వయసు" అని పేరు పెట్టేయండి. చుట్టాలందరికీ ఇదే మాట చెప్పండి.

2. డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఆయన అసలే శాకాహారి, పైగా షుగరుకి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. డాక్టరు బీ12 చూస్తాడు, థైరాయిడ్ చూస్తాడు. తీరా బీ12 తక్కువని తేలి, నాలుగు ఇంజెక్షన్లతో ఆయన తేరుకున్నారనుకోండి, మీరు పంపబోయే మందు సీసాకి పేరెక్కడ? అదీగాక, సెలవు పెట్టి ఆయన్ని తిప్పాల్సింది మీరే.

3. ఇక సీసా. అమెరికాలో ఉంటే జింకో అనే ఆకు మందు కొనండి. 1994 నాటి చట్టం పుణ్యమా అని అక్కడ సప్లిమెంటు అమ్మడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. ముందువైపు "జ్ఞాపకశక్తికి" అని పెద్దక్షరాలుంటాయి. ఇది ఏ జబ్బునూ నయం చేయడానికి కాదన్న మాట వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ముందువైపే చదవండి. హైదరాబాదులో ఉంటే బ్రాహ్మి. ఆ పేరుతో రెండు మొక్కలు చలామణీలో ఉన్నాయి: తడినేల మీద పాకే బకోపా ఒకటి, మన సరస్వతి ఆకు ఒకటి. లోపలున్నది ఏదని అడగకండి. పాపం, షాపువాడికి మాత్రం ఏం తెలుసు?

4. రోజుకి రెండుసార్లు గుర్తుపెట్టుకుని వేసుకోమని నాన్నగారికే చెప్పండి.

5. చదువుకున్న మేనల్లుడొకడు తగులుతాడు. అమెరికాలో 75 దాటిన 3,069 మందిని తీసుకుని, సగం మందికి రోజుకి 240 మిల్లీగ్రాముల జింకో, సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చి ఆరేళ్లు చూశారనీ, 2008లో లెక్క తేలిందనీ మొదలెడతాడు. ఉత్తి మాత్ర మింగినవాళ్లలో 246 మందికి డిమెన్షియా వచ్చింది, జింకో మింగినవాళ్లలో 277 మందికి. "చూశావా, జింకోదే పైచేయి!" అని ఫోన్ పెట్టేయండి.

6. నాన్నగారు రక్తం పలచబడడానికి ఆస్పిరినో, వార్ఫరినో వాడుతుంటే దాంతోపాటే జింకో వేయండి. రక్తం కారడం ఆగదని ఎవరైనా బెదిరిస్తే "ఆకే కదా, సైడ్ ఎఫెక్టులుండవు" అనండి. గన్నేరూ ఆకేనంటే సిగ్నల్ సరిగా లేదనండి. పన్ను పీకించుకునే రోజున కూడా ఈ సంగతి డెంటిస్టు చెవిన పడనివ్వకండి.

7. గుణం కనబడలేదా? మూడు నెలలు ఆగాలనండి. ఆ తర్వాత పథ్యం సరిగా చేయించలేదని అమ్మ మీదకి తోసి, ఇంకో సీసా పంపండి.

8. ఇల్లు రాయించుకోవడానికి సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లే రోజు మాత్రం మందు బ్రహ్మాండంగా పనిచేసిందనే చెప్పండి. నాన్నగారికి అన్నీ గుర్తున్నాయి. మీ పేరొక్కటి ముందురోజు రాత్రే బట్టీ పట్టించండి.