ఫీజోవా చెట్టుతో పురుగుల్ని పోషించే విధానం

ఆక్లండ్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్ళకు చాలాసార్లు ఇంటితోపాటే ఓ ఫీజోవా చెట్టు కూడా వస్తుంది. జామకు చుట్టం, పుట్టిల్లు దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వేల వైపు. పట్టించుకోకపోయినా ఏటా మార్చి నుంచి జూన్ దాకా కాయలు రాలుస్తూనే ఉంటుంది. ఇలాంటి చెట్టు మీద కూడా మన ప్రతాపం చూపించాలంటే కొన్ని మెళకువలు తెలియాలి.

ముందు ఎరువు సంగతి. దీని వేళ్ళు పైపైనే పాకుతాయి కాబట్టి మొదలు చుట్టూ గునపంతో లోతుగా తవ్వండి. నాలుగు వేళ్ళు తెగితేగాని సేవ చేసినట్టుండదు. వసంతంలో కాస్త సిట్రస్ ఎరువు వేసి, మొదలుకు తగలకుండా కంపోస్టు పరిస్తే చాలనేవాళ్ళు ఉత్త పిసినారులు. మీరు యూరియా సంచీ బోర్లించండి. ఆకులు ఏపుగా వస్తాయి. కాయలంటారా, ఆకులు ఏపుగా వచ్చాయిగా!

కొమ్మలు కత్తిరించి పిట్టలకు దారి చెయ్యకండి. పూత మీదే వల కప్పెయ్యండి. ఈ పూలకు పుప్పొడి మోసేవి ముఖ్యంగా పిట్టలు. వాటిలో మన గోరింకలూ ఉన్నాయి. తియ్యటి రేకులు పొడుచుకు తింటూ, ఎర్రటి కేసరాలకు తల రాసుకుని ఇంకో పువ్వు మీద వాలతాయి. వల ఉంటే పిట్ట రాదు, పిట్ట రాకపోతే పిందె పట్టదు. పట్టని పిందెకు పురుగెలా పడుతుంది? పిందె పట్టాక సన్నకళ్ళ వల కప్పడం పిరికివాళ్ళ పద్ధతి.

ఇక అసలు అతిథి గువావా మాత్ అనే చిమ్మట. ఆస్ట్రేలియా నుంచి వచ్చి 1997లో న్యూజిలాండ్‌లోని నార్త్‌ల్యాండ్‌లో బయటపడింది. కాయ పైన సూదిబెజ్జమంత చిల్లి తప్ప ఏమీ కనబడదు. కోస్తే లోపలి గుజ్జు గోధుమరంగుకు తిరిగి, దాన్నిండా నల్లటి రెట్ట, మధ్యలో తాపీగా పురుగు. తిన్నంత తిని కిందికి దిగి, మట్టిలోనో ఎండుటాకుల్లోనో గూడు కట్టుకుంటుంది. అందుకే రాలిన కాయల్ని రోజూ ఏరి, సంచీలో మూతి బిగించి పారేసే నిర్దయులుగా మారకండి. ఫీజోవా అయిపోయినా దానికి పస్తుల్లేకుండా నిమ్మ, లోక్వాట్, ప్లమ్, పీచ్ కూడా నాటండి. ఏడాదంతా విస్తరి ఎత్తే పనుండదు.

లింగాకర్షక బుట్ట తప్పక వేలాడదీయండి. అందులో పడేవన్నీ మగవే. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఈలోగా ఆడవి గుడ్లు పెట్టుకుంటాయి. వేపనూనె మాత్రం పురుగు కాయలో దూరాకే కొట్టండి. ఆకుల మీది పొలుసు పురుగులైతే నూనెకు ఉక్కిరిబిక్కిరవుతాయి, కాయలోని దానికి మీరు వచ్చినట్టే తెలియదు.

చివరగా, ఈ పురుగు మొహం ఎరగని ఊళ్ళో వదినగారెవరైనా ఉంటే ఓ సంచీ కాయలు పంపండి. “లోపలేదో పాకుతోందమ్మాయ్” అని ఫోనొస్తే, ఆర్గానిక్ అని చెప్పండి.