‘గిఫ్ట్’ శబ్దానికి టీకా తాత్పర్యం

మూలం: గిఫ్ట్.

ప్రతిపదార్థం: ఇంగ్లీషువాడికి కానుక, జర్మనుకు విషం. స్వీడన్‌లో ఒకచోట విషం, మరోచోట ‘పెళ్లయిన’ అని అర్థం. ఒకే కావ్యంలో రామకథనూ భారతకథనూ పలికించడానికి పింగళి సూరనంతటివాడు కావలసివచ్చింది. ఈ బుల్లి మాట ఆ పనిని ఏ మహాకవి సాయమూ లేకుండానే కానిచ్చేస్తోంది.

వ్యుత్పత్తి: ‘ఇచ్చుట’ అనే జర్మానిక్ ధాతువు. ఇక్కడిదాకా పేచీ లేదు. ఏమి ఇచ్చుట అన్న దగ్గరే తకరారు. పాత ఇంగ్లీషులో ఇది వధువు కోసం చెల్లించే శుల్కం, బహువచనంలో ఏకంగా పెళ్లి. కానుక అన్న అర్థం స్థిరపడింది వైకింగుల నార్సు భాష ప్రభావంతో. ఆ మొదటి ‘గ’కారమూ వారి చలవే, లేకుంటే ఇంగ్లీషువాళ్లు నేటికీ ‘యిఫ్ట్’ అనుకునేవారు.

శంక: ఇచ్చేది విషమెలా అయింది?

సమాధానం: గ్రీకులో ‘డోసిస్’ అంటే ఇచ్చుట, ఆపైన వైద్యుడిచ్చే మోతాదు. లాటిన్ ద్వారా వచ్చిన ఆ మాటను జర్మన్లు తమ ‘గిఫ్ట్’తో తర్జుమా చేసుకున్నారు. ఆ ‘మోతాదు’ విషానికి మర్యాదపేరై, చివరికి విషమే అయింది. ఈ డోసిస్‌కూ సంస్కృతంలోని ‘దా’ ధాతువుకూ మూలం ఒకటే. కనుక మన దానానికీ ఈ గొడవలో దూరపు చుట్టరికముంది.

వ్యాకరణ విశేషం: జర్మన్‌లో విషం నపుంసకలింగం, ‘డాస్ గిఫ్ట్’. కానుకగా ఉన్నన్నాళ్లూ ఈ శబ్దం స్త్రీలింగం. ఆ పాత లింగం ‘డీ మిట్‌గిఫ్ట్’లో బతికుంది. ‘వెంట ఇచ్చేది’, అంటే కట్నం. అందులో విషం లేదని జర్మన్ వ్యాకరణం హామీ ఇస్తోంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఉన్న దేశపు టీకాకారుడు ఆ హామీ మీద సంతకం పెట్టలేడు.

డచ్చివారిది మరీ సన్నని దారి. ‘డె గిఫ్ట్’ విరాళం, ‘హెట్ గిఫ్ట్’ విషం. ఆర్టికల్ తడబడితే ధర్మసంస్థ రశీదు కాస్తా పోలీసు పంచనామా! అందుకేనేమో, విషాన్ని ఇప్పుడు ఎక్కువగా ‘గిఫ్’ అనేస్తున్నారు.

స్వీడిష్‌లో విషానికీ ‘పెళ్లయిన’ అనడానికీ ఉచ్చారణ ఒకటే, ‘యిఫ్ట్’. తేడా పట్టేది ప్రత్యయాలే: ‘యిఫ్టెట్’ అంటే ఆ విషం, ‘యిఫ్టా’ అంటే పెళ్లయినవారు. ‘యిఫ్టా’ క్రియ అయితే పెళ్లిచేయడం. దానికి ముందు ‘ఫోర్’ అనే ఉపసర్గ చేరిందా, విషం పెట్టడం. డేన్లు, నార్వేజియన్లు కూడా ఇదే శ్లేషతో కాపురం చేస్తున్నారు.

తాత్పర్యం: జర్మనీలో పెళ్లికి వెళ్లేవారు పొట్లం మీద ‘గెషెంక్’ అని రాయాలి. దాని క్రియ ‘షెంకెన్’కు తొలి అర్థం పాత్రలో పానీయం పోసివ్వడం.