మెట్లెక్కిన సారు

మా సోమశిలలో ఇంజనీరంటే ఎవరికీ వింత కాదు. పెన్న మీద 78 టీఎంసీల డ్యాం ఉన్న ఊరు, జీపులూ క్వార్టర్సూ చూసిన కళ్లే అన్నీ. డాక్టరన్నా ఎస్సై అన్నా అర్థమవుతుంది. అదే ఊళ్లో ‘పట్టణ, ప్రాంతీయ ఆర్థికవేత్త’ ఒకడు పుడితే మాత్రం, వాడు చేసే పనేమిటో చెప్పలేక ఇంటిల్లిపాదీ అవస్థ పడతారు.

“మావాడు ఊళ్ల గురించి పరిశోధన చేస్తా ఉండాడు” అంటుంది తల్లి.

“ఊళ్ల గురించి తెలియాలంటే ఊళ్లో ఉంటే పోలా?” అంటుంది పక్కింటి పెద్దమ్మ.

నిజానికి ఈ సారు జాతకాన్ని 1933లోనే వాల్టర్ క్రిస్టాలర్ అనే జర్మన్ రాసేశాడు. దక్షిణ జర్మనీ ఊళ్లన్నీ పరిశీలించి, చిన్న అవసరానికి చిన్న ఊరు, పెద్ద అవసరానికి పెద్ద ఊరు, ఇలా ఊళ్లు మెట్లు మెట్లుగా అమరి ఉంటాయని తేల్చాడాయన. మా వాళ్లు ఆ పుస్తకం చదవకుండానే తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. ఉప్పుకు ఊళ్లో కొట్టు, యూరియాకు అనంతసాగరం, మోటారు కాలితే ఆత్మకూరు, గుండె పట్టేస్తే నెల్లూరు, అక్కడా తేలకపోతే మద్రాసు. (చెన్నై అని పేరు మార్చినా రోగాలు ఇంకా మద్రాసుకే పోతాయి.) సారు చదువూ ఇదే దారి పట్టింది. టెన్త్ అనంతసాగరం, ఇంటర్ ఆత్మకూరు, డిగ్రీ నెల్లూరు, పీజీ తిరుపతి, పీహెచ్‌డీ హైదరాబాదు. ఒక్క మెట్టూ వదల్లేదు. ఎక్కిన మెట్టు దిగనూ లేదు.

యూనివర్సిటీలో ఆయనది గట్టు తగాదా. ఎకనామిక్స్ వాళ్లు ఆయన్ని జాగ్రఫీ మనిషంటారు. జాగ్రఫీ వాళ్లు, మ్యాపు గీయడం రానివాడు మావాడెలా అవుతాడంటారు. ఈ పోరు పడలేకే కాబోలు, అమెరికాలో వాల్టర్ ఐజార్డ్ 1954లో ‘రీజినల్ సైన్స్’ పేరుతో ఒక సంఘం పెట్టి వేరు కాపురానికి దిగాడు. ఆ తర్వాత పెన్సిల్వేనియా యూనివర్సిటీలో దానికో డిపార్ట్‌మెంటూ వెలిసింది. 1990లలో అది మూతపడిందన్న ముక్క మాత్రం సారు అడ్మిషన్ల సీజన్‌లో ఎత్తడు.

ప్రమోషన్‌కు పాయింట్లు కావాలి, పాయింట్లకు పేపర్లు కావాలి, పేపర్లకు సోమశిల కావాలి. ఒకసారి ఒక పత్రిక సమీక్షకుడు, “సోమశిల కృష్ణ ఒడ్డున గదా ఉంది, మీరు పెన్న అంటారేం?” అని తిప్పి పంపాడు. ఆయన చూసింది కొల్లాపూర్ దగ్గరి సోమశిల. ఊరెక్కడుందో దాన్నిబట్టి బతుకులు తేల్చే శాస్త్రంలో ఊరే తప్పిపోయింది.

సర్వేకు వచ్చినప్పుడు సారును చూడాలి. జనగణన లెక్కలో ఒక ఊరు పట్టణం అనిపించుకోవాలంటే 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్లలో 75 శాతం సేద్యం కాని పనుల్లో ఉండాలి. సారు ఫారం పట్టుకుని “నీ ప్రధాన వృత్తి?” అని ఒకణ్ణి ఆపాడు.

“పొద్దున బర్రెలు, పగలు ఆటో, సందేళ చేపలు. ఏ గడిలో ఏసుకుంటావో ఏసుకో సామీ.”

సారు ‘ఇతరములు’ అని రాసుకున్నాడు. నాకు తెలిసి మా తాలూకా మొత్తం ఆ గడిలోనే కాపురముంటుంది.

ఉదయగిరి పోయి కొయ్య గరిటెలు చెక్కే ఆయన్ని, ఈ పరిశ్రమ ఇక్కడే ఎందుకుందని అడిగాడు. “కొయ్య కొండ మీద ఉండాది, మేం కొండ కింద ఉండాం. ఇంక యాడ చెయ్యమంటావు సార్?” ముడిసరుకు దగ్గరే కొన్ని పరిశ్రమలు ఎందుకు నిలబడతాయో చెప్పడానికి ఆల్‌ఫ్రెడ్ వెబర్ 1909లో ఒక పుస్తకమే రాయాల్సి వచ్చింది. సారు పేపర్లో వెబర్ పేరుంది. గరిటెలాయన ‘ప్రతివాది’ అయ్యాడు.

సారుకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘గురుత్వాకర్షణ నమూనా’. ఊరు ఎంత పెద్దదైతే అంత గుంజుతుంది, ఎంత దూరమైతే అంత తక్కువ గుంజుతుంది. మా దగ్గర నీళ్లదీ అదే తీరు. సోమశిల నీళ్లు కండలేరుకు, అక్కణ్ణుంచి మద్రాసుకు పోతాయి. 1983 ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీలు పోవాలి. తొలిసారి అవి అక్కడికి చేరింది 1996లో. డ్యాం పక్కనే ఉన్నా, మిట్టన ఉన్న పాపానికి ఉదయగిరి మెట్ట మాత్రం హైలెవెల్ కాలువ కోసం ఎదురుచూపులు చూసింది. ఉదయగిరి కుర్రాళ్లు అన్నేళ్లు ఆగలేదు. నీళ్లకంటే ముందే మద్రాసు చేరుకున్నారు. నీళ్లకు రెండు ప్రభుత్వాల సంతకాలు కావాలి, మనిషికి బస్సు టికెట్టు చాలు.

ఇంత చదివినవాణ్ణి బంధువులు అడిగేది ఒక్కటే: ప్లాటు ఎక్కడ కొనమంటావు? సారు 1826 నాటి ఫాన్ త్యూనెన్ సిద్ధాంతంతో మొదలుపెట్టి భూమి ధర సంగతి గంటసేపు చెబుతాడు. ఆయన బావమరిది అదంతా వినకుండా, కొత్త బస్టాపు ఎక్కడ పడుతుందో కండక్టర్ని అడిగి కొన్నాడు. ఇప్పుడు సారు హోమ్‌లోనుకు హామీ సంతకం ఆ బావమరిదిదే.

మొన్న ఆత్మకూరులో ఒక కాలేజీ వాళ్లు సారును పిలిచారు. ‘యువత సొంత ఊళ్లోనే నిలబడేదెలా?’ అన్నది అంశం. బ్రహ్మాండంగా మాట్లాడాడు. శాలువా కప్పించుకుని కారెక్కబోతుంటే ముగ్గురు కుర్రాళ్లు బ్యాగులతో పరుగెత్తుకొచ్చారు. “సార్, నెల్లూరు దాకా సీటుందా? బ్యాంకు కోచింగ్‌లో చేరాలి.”

సారు సంబరంగా డిక్కీ తీశాడు. కారు బస్టాండు దాటకముందే ముగ్గురి చేతుల్లోనూ ప్రశ్నావళి పెట్టాడు. ‘ఊరు విడిచి వెళ్లడానికి ప్రధాన కారణం?’ అన్నచోట ఒకడు కాసేపు ఆలోచించి, “కారు ఖాళీగా పోతా ఉండింది” అని రాశాడు.