అతి త్వరలో

జనగామ బస్టాండు నుంచి రైల్వే స్టేషనుకు నడిచే దారిలో మూసి ఉన్న మడిగె ఒకటుంది. షట్టరుకు అడ్డంగా కట్టిన ఫ్లెక్సీ మీద ఏం దుకాణం వస్తుందో రాసిన అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. ఓనరు ఫొటోలో మీసం ఒక్కటే మిగిలింది. "అతి త్వరలో" అన్న రెండు మాటలు మాత్రం, మరీ పెద్దగా రాయించినందుకు, ఇప్పటికీ రోడ్డు అవతలి నుంచి చదవొచ్చు.

మా వాడికి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. అసలు పేరు ఆధార్ కార్డులో క్షేమంగా ఉంది. టీ కొట్టు దగ్గర మాత్రం వ్యవహారం ఇలా నడుస్తుంది.

"అతిత్వరలో వచ్చిండా?"

"ఇప్పుడే పోయిండు. మళ్లొస్తడు."

"ఎప్పుడు?"

"పేర్లనే ఉన్నది గద."

పనికన్నా ముందు ప్రకటన చేసే ఇలాంటి వాళ్లు జనగామలోనే ఉంటారనుకోకండి. మానుకోటలో ఒక రకం, భూపాలపల్లిలో ఇంకో రకం ఉన్నారు. మూడూ 2016 అక్టోబరు 11న, ఒకే రోజున జిల్లా కేంద్రాలైన ఊళ్లు. అందులోనూ ఓ తమాషా ఉంది. ఆ ఆగస్టులో వచ్చిన ముసాయిదాలో మిగతా రెండు ఊళ్లూ ఉన్నాయి, జనగామ లేదు. ధర్నాలు, బందులు, రాస్తారోకోలు చేసి తెచ్చుకున్న జిల్లా ఇది. ప్రకటనలో లేనిదాన్ని సాధించుకున్న ఊళ్లో, ప్రకటన తప్ప ఇంకేమీ లేనివాడు పుట్టాడు. విధి అంటే ఇదేనేమో.

మనిషిని చూస్తే ముచ్చటేస్తుంది. బీటెక్ చదివాడు. మెడలో ఎప్పుడో ఏదో సదస్సులో ఇచ్చిన నీలం తాడు. దాని చివర కార్డు పోయింది గానీ తాడు తీయలేదు. రాత్రిళ్లు ఎవరివో వెబ్‌సైట్లు బాగుచేసి నాలుగు డబ్బులు తెచ్చుకుంటాడు. పగలు కళాకారుడు. రంగులూ కుంచే అక్కర్లేదు, కోడుతో బొమ్మలు వేస్తాడు. ఇది వెటకారానికి అంటున్న మాట కాదు, నిజంగానే అదొక కళ. 2001లో అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబులో కేసీ రీస్, బెన్ ఫ్రై అనే ఇద్దరు దీనికోసం 'ప్రాసెసింగ్' అనే పనిముట్టు తయారుచేశారు. బొమ్మలు వేసేవాళ్లు ప్రోగ్రాములకు భయపడకూడదని, అందులో రాసే ప్రతి ప్రోగ్రాముకూ 'స్కెచ్' అని పేరు పెట్టారు. చిత్తుగీత అన్నమాట. గీసి, చూసి, చింపేసి, మళ్లీ గీయమని వాళ్ల ఉద్దేశం. మన దగ్గర స్కెచ్ వేయడమంటే అర్థం వేరు. మా అతిత్వరలో ఆ రెండో అర్థంలోనే వేస్తాడు.

వాడి స్కెచ్ పేరు 'బతుకమ్మ యంత్రం'. ఫోనులో ఒక గుండీ నొక్కితే బతుకమ్మ పేరుస్తుంది. తంగేడు, గునుగు, బంతి, కట్ల, పైన గుమ్మడి పువ్వు. మళ్లీ నొక్కితే మళ్లీ కొత్తది. ఒకసారి వచ్చింది ఇంకోసారి రాదు. ఆలోచన ఎంత బాగుందంటే, విన్న రోజు నాకే ఈర్ష్య పుట్టింది.

పని మొదలైంది బోనాల రోజుల్లో. ముందు పేరు. పేరుకు మూడు వారాలు. తర్వాత లోగో. తర్వాత, పేరు ఫలానా తేదీన బయటపెడతామని ఒక పోస్టరు. అంటే ప్రకటన వస్తుందని ప్రకటన. పోస్టరు మీద అక్షరాలు 'పోతన' ఫాంటులో, ఎందుకంటే బమ్మెర మన జిల్లాదే. అటు తర్వాత పొద్దున్నే వాట్సాప్ స్టేటస్‌లో లెక్క: ఇంకా ఇన్ని రోజులు. పిన్నమ్మలు దండం బొమ్మలు పెట్టారు, దుబాయిలో ఉన్న బావ మూడు మంటలు పెట్టాడు. ఊరు ఊరంతా కంగ్రాట్స్ చెప్పింది.

ఒక మధ్యాహ్నం వాడి పక్కన కూర్చుని ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూశాను. ఫోల్డరు తెరిచి ఉంది. 'లోగో ఫైనల్', 'లోగో ఫైనల్ ఫైనల్', 'లోగో ఇదే ఫైనల్', 'ధన్యవాద ప్రసంగం'. కోడు ఫైలు ఒకటే. నొక్కాడు. నల్లటి తెర మధ్యలో ఒక తంగేడు పువ్వు పూసింది. ఐదు పచ్చటి రెక్కలు. కానీ ఐదో రెక్కకూ మొదటి రెక్కకూ మధ్య ఎడం కాస్త ఎక్కువగా కనిపించింది. వాళ్లమ్మ చాయ్ పెట్టి వెళ్తూ ఆగి చూసింది.

"ఎన్ని పూలయినయిరా?"

"ఒకటేనే. కానీ జనం మస్తు ఎదురుచూస్తున్నరు."

"ఒక్క పువ్వుకు సిబ్బి అడుగు గూడ నిండదు. అది గూడ పురుగు కొరికినట్టుంది."

పురుగు ఎక్కడుందో నేను తర్వాత చూశాను. వృత్తం చుట్టూ 360 డిగ్రీలు, ఐదు రెక్కలైతే ఒక్కో రెక్కకు 72. మా వాడు 70 అని రాశాడు. నాలుగు సందులు 70 చొప్పున పోగా చివరి సందుకు 80 మిగిలింది. ఒక అంకె మారిస్తే అయిపోయే పని. కానీ ఆ సాయంత్రం వాడికి తీరిక లేదు, ధన్యవాద ప్రసంగంలో ఎవరి పేరు ముందు రావాలో తేలలేదు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని సామెత. సోమలింగం అంటే మా జిల్లా వాళ్లకు మరీ దగ్గరివాడు, పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరుడై కొలువున్నాడు. కానీ సామెతలోని ఆ తండ్రి పేరు పెట్టి ఊరుకున్నాడు. సోమలింగానికి లోగో చేయించి, బారసాల తేదీ స్టేటస్‌లో పెట్టలేదు.

దీనికి శాస్త్రం కూడా ఉంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తోటివాళ్లతో కలిసి 2009లో ఒక పరిశోధన అచ్చువేశాడు. ఫలానావాణ్ణి కావడానికి ఏం చేయబోతున్నామో రాసి, అది ఇంకొకరు చదివారని తెలిసిన విద్యార్థులు, ఎవరికీ చెప్పనివాళ్లకన్నా తక్కువ పని చేశారు. నలుగురి గుర్తింపు దొరకగానే సగం అయిపోయినట్టే లోపల అనిపిస్తుందట. పెళ్లి కాకముందే లడ్డూలు తిన్నవాడికి పందిట్లో ఆకలి ఉండదు కదా. నాకు ఈ రోగం పరాయిది కాదు. 'నవల రాస్తున్నా' అని పెళ్లిళ్లలో చెప్పుకుని తిరిగిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ నవల పదకొండు పెళ్లిళ్లు చూసింది, పదకొండో పేజీ చూడలేదు.

అందుకే వాడితో గట్టిగా మాట్లాడే హక్కు నాకుందనుకుని ఒకరోజు అడిగేశాను. వాడు తడుముకోలేదు.

"అన్నా, రాజమౌళి సారు గూడ ముందే చెప్పేసిండు గద!"

చెప్పాడు. 2019 మార్చి 14న విలేకరులను పిలిచి 'ఆర్ఆర్ఆర్' కథ ఏమిటో చెప్పి, 2020 జూలై 30న విడుదల అన్నాడు. బొమ్మ పడింది 2022 మార్చి 25న. కానీ ఆయన ఆ కుర్చీలో కూర్చునేసరికి షూటింగు మొదలై నాలుగు నెలలు. మధ్యలో ఆయనకు కరోనా అడ్డం వచ్చింది. మా వాడికి అడ్డం వచ్చింది క్రికెట్టు.

ఓడిపోతున్నానని తెలిసి వాడు పోతనను దించాడు. ఆ కథ మీకు తెలిసిందే. గజేంద్రమోక్షంలో ఒక పద్యం మధ్యలో ఆగిపోతే పోతన గంటం పెట్టి బయటికి వెళ్లాడట, రాముడే ఆయన రూపంలో వచ్చి పూర్తిచేసి పోయాడట. "ఆగితే తప్పేందన్నా, ఎవరో ఒకరు పూర్తి చేస్తరు." నిజమే. కాకపోతే పోతన స్కంధాలకు స్కంధాలు రాసి ఎనిమిదో దాంట్లో ఆగాడు. ఒక రెక్క దగ్గర ఆగినవాడి కోసం వైకుంఠం నుంచి ఎవరూ బయల్దేరరు.

మానుకోట రకం వేరు. ఈయన ప్రకటించడు, ప్రకటించబోనని ప్రకటిస్తాడు. "ఒక పెద్దది చేస్తున్నా. ఇప్పుడు చెప్తే కాపీ కొడతరు." గోల్కొండ ఎక్స్‌ప్రెస్సులో ఎదురు సీటాయనకు ఈ మాట చెప్పి, డోర్నకల్లు వచ్చేదాకా ఇంకేమీ చెప్పకుండా, ఆయన్ను చంపుతాడు. మానుకోట చుట్టుపక్కల మిరప తోటలు ఎక్కువ. ఈయన తాతకు కూడా రెండెకరాల మిర్చి ఉంది. తోట నిండా ఎర్రగా పండి ఉన్నప్పుడు, ఈసారి ఎన్ని క్వింటాళ్లు వస్తుంది తాతా అని అడిగాను. "కాంటా ఎక్కినంక చెప్పాలె బిడ్డా" అన్నాడు. ఆకుముడత, వాన, తాలుకాయ, కేసముద్రం యార్డులో ధర, ఇన్ని దాటాలి. మనవడు ఆ మాట వినలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి.

భూపాలపల్లికి రైలు లేదు. హనుమకొండలో బస్సెక్కి పరకాల మీదుగా పోవాలి. అక్కడ సింగరేణి క్వార్టర్లలో ఒక అమ్మాయి ఉంది. నాన్న షిఫ్టుకు పోయి వచ్చి పడుకుంటాడు కాబట్టి ఇంట్లో చప్పుడు చేయకుండా చేసుకునే పని ఒకటి పట్టుకుంది, కోడుతో ముగ్గులు. ఆమెను మా వాడి జాబితాలో కలపడం అన్యాయమే. కానీ ఆమె కూడా పని సగంలో ఉండగానే బయటపెట్టింది. అందుకే చెబుతున్నాను.

మొదటి ముగ్గు తప్పుగా వచ్చిన రోజునే, లోగో లేకుండా, పేరు లేకుండా, వాళ్ల చిన్నమ్మకు పంపింది. "చిన్నమ్మా, ఇది సందు చుక్క ముగ్గు. 15 నుంచి 8 దాకా. ఏదో తేడా కొడుతుంది, చూడవా." చిన్నమ్మ బడి మెట్లెక్కింది తక్కువ, వాకిట్లో ముగ్గులేసింది నలభై ఏళ్లు. గంటలోపల వాయిస్ మెసేజి వచ్చింది. వెనకాల కుక్కరు విజిలు కూడా వినిపిస్తోంది. "ఓసినీ, సందు చుక్కల వరుసకొకటే తగ్గుతది. నువ్వు రెండు తగ్గించినవు. చుక్క కింద చుక్క పెట్టేటప్పుడు రెండు తగ్గాలె, సందుల పెట్టేటప్పుడు ఒకటి." అంతే. 15, 14, 13 అంటూ దిగి 8 దగ్గర ఆగాలి. ఆ అమ్మాయి ఒక అంకె మార్చింది. ముగ్గు కుదిరింది.

చిన్నమ్మ చెప్పింది చిన్న విషయం కాదు. 1974లో మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వాళ్లతోపాటు కమలా కృతివాసన్, తమిళనాట వాకిళ్లలో ముగ్గులకు వ్యాకరణం ఉందని గణితం కట్టి చూపించారు. కంప్యూటరు బొమ్మల పత్రికలో అచ్చయిన పరిశోధన అది. చుక్కలు ఎలా పేర్చాలో, గీత ఎటు తిరగాలో సూత్రాలు రాయొచ్చు. మా చిన్నమ్మలకు ఆ సూత్రాలు చేతివేళ్లలో ఉన్నాయి.

1991 ఆగస్టు 25న హెల్సింకిలో లైనస్ టొర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి చేసింది కూడా చిన్నమ్మకు పంపడమే. సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టం చేస్తున్నా, పెద్దదేం కాదు, మీకేం కావాలో చెప్పండి అన్న అర్థంలో నాలుగు మాటలు తోటివాళ్లకు రాశాడు. అప్పటికే దాని మీద ఒకటి రెండు పనిముట్లు నడుస్తున్నాయి. అది లినక్స్ అయింది. టెడ్ నెల్సన్ అనే పెద్దమనిషి 1960లో 'జనాడు' అనే కంప్యూటరు ప్రాజెక్టు మొదలుపెట్టి, ప్రపంచాన్నే మార్చేస్తుందని చెబుతూ వచ్చాడు. జనం వాడిచూసే రూపం రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇద్దరూ పూర్తికాకముందే చెప్పినవాళ్లే. ఒకాయన చూడమన్నాడు, ఇంకొకాయన ఎదురుచూడమన్నాడు.

భూపాలపల్లి నుంచి ఆ వాయిస్ మెసేజి అడిగి తెచ్చుకుని మా అతిత్వరలోకు వినిపించాను. కుక్కరు విజిలు దాకా విన్నాడు. ఏమీ అనలేదు. ఆ రాత్రి 70 కాస్తా 72 అయింది.

పెత్తరమాస నాడు, ఎంగిలిపూల బతుకమ్మ సాయంత్రం, వాళ్లమ్మ వాకిట్లో పూలు కుప్పలు పోసుకుని కూర్చుంది. వాడు ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నొక్కితే మూడు వరసలు వచ్చాయి: తంగేడు, గునుగు, బంతి. మళ్లీ నొక్కితే వేరేగా మూడు. ఆమె చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని తనూ ఒకసారి నొక్కింది.

"గుమ్మడాకు ఏదిరా? సిబ్బిల ముందు ఆకు పరవకుంటే పూలు నిలుస్తయా?"

వాడు అక్కడే మెట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆ రోజు స్టేటస్‌లో ఏమీ పెట్టలేదు.

మీరు జనగామ వైపు వస్తే స్టేషను దారిలో టీ కొట్టు దగ్గర అడగండి, చూపిస్తాడు. నొక్కి చూడండి, తప్పుంటే చెప్పండి. కంగ్రాట్స్ మాత్రం అనకండి, ఇంకా రెండు వరసలున్నాయి.