ఉద్దానం ఫౌజీ ఇంట్లో నేను

నేను నలుపు తెలుపు ఈసీ టీవీని. హైదరాబాద్ ఈసీఐఎల్ ఫ్యాక్టరీలో పుట్టాను. బతుకంతా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి, జీడితోటల మధ్య ఒక పెంకుటింట్లో గడిచింది. ఆర్మీ సెలక్షన్ల కోసం కుర్రాళ్లు తెల్లారకముందే రోడ్డు మీద పరుగులు తీసే ప్రాంతమిది. నన్ను కొన్నవాడూ అలా పరుగెత్తి సిపాయి అయినవాడే. మద్రాస్ రెజిమెంట్. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ట్రైనింగు. 1988లో సెలవుకొచ్చినప్పుడు విశాఖపట్నంలో నన్ను బేరమాడి, రైల్లో పలాస చేర్చి, అక్కణ్నుంచి బస్సు టాపు మీద ఊరికి తెచ్చాడు. "నాను లేనప్పుడు ఇది నీకు తోడుంటాదే అమ్మా" అన్నాడు తల్లితో. సెలవైపోగానే నల్ల ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. ఆ వెళ్లడం శ్రీలంకకని ఇంట్లోవాళ్లకి చాన్నాళ్లకి గానీ తెలియలేదు.

యాంటెన్నాని పొడుగు వెదురుకి కట్టారు. సముద్రపు గాలికి అది తిరిగిపోతే నాలో బొమ్మకన్నా చుక్కలే ఎక్కువ. పెరట్లో ఒకడు వెదురు తిప్పుతుంటే లోపల్నుంచి ఇంకొకడు "వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది" అని కేకలేసేవాడు. 1989లో దూరదర్శన్‌లో ‘ఫౌజీ’ మొదలైనప్పుడు వీధి వీధంతా నా ముందు కూచుంది. కల్నల్ రాజ్ కపూర్ తీసిన 13 భాగాల సీరియల్ అది. కమాండో శిక్షణకొచ్చిన కుర్రాళ్ల కథ. అభిమన్యు రాయ్ వేషం వేసిన కొత్త కుర్రాడు షారుక్ ఖాన్. మాటలన్నీ హిందీ. మా వీధిలో హిందీ బాగా వచ్చినవాడు రిటైర్డ్ హవల్దారొక్కడే. ఇంటి పెద్దావిడకి మరిది వరస. సీరియల్ నడుస్తుంటే పక్కనే కూచుని తెలుగులో చెప్పుకుంటూ పోయేవాడు.

"మరిదీ, ఆ గుంటడేటి, ఆపీసరు తిడతంటే నవ్వతన్నాడు?"

"సినిమావోడు వదినా. మేం నవ్వితే వీపుకి పిట్టు కట్టి గ్రౌండంతా పరిగెట్టించీవోరు."

"మనోడు ఎప్పుడు కనపడతాడు ఇందులోన?"

"ఇది ఆట వదినా. ఇందులోన మనోళ్లుండరు."

ఆ మాట ఆవిడ నమ్మలేదు. ప్రతి వారం వచ్చి ముందు వరసలో కూచునేది. హీరో మాటలు ఆవిడకి అక్కర్లేదు. వెనకాల కవాతు చేసేవాళ్ల మొహాలు ఒక్కొక్కటీ వెతుక్కునేది.

అంతకుముందు చేతన్ ఆనంద్ తీసిన ‘పరమవీర్ చక్ర’ సీరియల్ కూడా చూపించాను. అందులో అబ్దుల్ హమీద్‌గా నసీరుద్దీన్ షా వేశాడు. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీద బిగించిన తుపాకీతో పాటన్ ట్యాంకుల్ని ఎదిరించి ప్రాణాలిచ్చిన హమీద్ ఆఫీసరేమీ కాదు, హవల్దారు. మా హవల్దారు ఆ రోజు కండువా సర్దుకుని నిటారుగా కూచున్నాడు. భాగం అయిపోయాక పెద్దావిడ అడిగింది: "ఆ బాబు పెళ్లాం, పిల్లలు ఏటయ్యారు మరిదీ?" అన్నాళ్లూ గడగడా చెప్పినాయన ఆ ప్రశ్నకి మాత్రం లేచి చుట్ట వెలిగించుకోడానికి వీధిలోకి వెళ్లాడు.

సీరియల్ అరగంటలో అయిపోతుంది. శ్రీలంక యుద్ధం అలా అవలేదు. 1987 జులై ఒప్పందంతో శాంతి నిలపడానికి వెళ్లిన మన సైన్యం తిరిగొచ్చేసరికి 1990 మార్చి అయింది. దాదాపు 1,200 మంది ప్రాణాలతో రాలేదు. ఆ యుద్ధం నా తెర మీద కనిపించింది తక్కువ. ఇంటికి తెలిసేది ఇన్‌లాండ్ కవరు వల్లే. పంపినవాడి చిరునామాలో ఊరి పేరుండదు. నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు), అంతే. లోపలేమో ఎప్పుడూ క్షేమమే.

అతను వచ్చాడు. ‘ఫౌజీ’ గురించి పిల్లలు ఎగబడి చెబితే నవ్వాడు. శ్రీలంకలోని జాఫ్నా గురించి అడిగితే మాత్రం లేచి నా స్విచ్చు వేసేవాడు.

1999 నాటికి అతను పెన్షన్ మీద ఇంట్లో ఉన్నాడు. ఈసారి సరిహద్దులో ఉన్నది తమ్ముడు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో తయారైన గన్నర్. మా వీధికి కేబుల్ తీగ కూడా వచ్చేసింది. శ్రీలంకలో కనిపించని యుద్ధం కార్గిల్‌కి రాత్రీ పగలూ ఇంట్లోకే వచ్చింది. బోఫోర్స్ ఫిరంగి పేలినప్పుడల్లా తమ్ముడి భార్య నా అద్దానికి మొహం ఆనించి చూసేది. జూన్ 13న తోలోలింగ్ చేజిక్కిందన్నారు. జులై 4న టైగర్ హిల్. వీధిలో కేరింతలు. ఆ వెంటనే జెండా కప్పిన పెట్టెలు. కార్గిల్లో చనిపోయినవాళ్లు 527 మంది. శ్రీలంకలో తుపాకీ పట్టి తిరిగొచ్చిన అన్న ఆ పెట్టెలు చూడలేక పెరట్లోకి పోయేవాడు. "అక్కడున్నప్పుడు ఇంత బయమెయ్యలేదే అమ్మా" అన్నాడు ఒక రాత్రి తల్లితో. "నాకది నువ్వక్కడున్నప్పుడే తెలిసింది" అందావిడ. ఆగస్టులో తమ్ముడి ఉత్తరం వచ్చింది. క్షేమం.

తరవాత రంగుల టీవీ వచ్చింది. నన్ను అటకెక్కించారు. ఇప్పుడు ఆ ఇంటి మూడో తరం కుర్రాడు యూనిఫారంలో ఉన్నాడు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పెంకులెగిరిపోయి నా పిక్చర్ ట్యూబులోకి వాన దిగింది. కరెంటు స్తంభాలు, కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. ఫోన్లు మూగబోయాయి. సరిహద్దులో ఉన్న ఆ కుర్రాడికి ఇల్లుందో లేదో తెలియలేదు. నాన్నమ్మ పడ్డ బాధ ఈసారి అతను పడ్డాడు.

అటక మీద తుప్పుపడుతున్నదాన్ని, ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. నా ముందు కూచున్నవాళ్లు యుద్ధం చేసినవాళ్లకన్నా తక్కువ బాధేమీ పడలేదు. అది నేను రెండు యుద్ధాల్లో చూశాను. 2024లో కీర్తి చక్రకు ఎంపికైన మేజర్ మళ్ల రామగోపాల్ నాయుడు మా జిల్లా సంతబొమ్మాళి మండలం నుంచి వెళ్లినవాడు. తెలుగులో సీరియళ్లు తీసే బాబుల్లారా, కథల కోసం దూరం పోనక్కర్లేదు. ఉద్దానం రండి. తుపాకుల సీను ఎంతసేపు పెడతారో, ఉత్తరం రాని ఇంటి సీనూ అంతసేపు పెట్టండి.