ఒక తాత మాటకు టీకా తాత్పర్యం

మూలం: “మేమూ రాళ్ళేసినోళ్ళమేరా. ముందు నువ్వు డిగ్రీ కానియ్యి.”

అవతారిక. ఈ వాక్యం గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా రోజూ ఏదో ఒక ఇంట్లో వినబడుతూనే ఉంటుంది. కర్త ఒక్కడు కాడు. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన తాతలందరూ తలా ఒకసారి రచించినదే. శ్రోత మనవడు. సందర్భం, రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ వాడు ప్రైవేటీకరణ వ్యతిరేక ర్యాలీకి చెప్పులు వేసుకోవడం. మూలంలో లేనిది ఒక్క ముక్క రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథ సూరి ప్రతిజ్ఞ చేశాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు.

మేమూ = మేము కూడా. వినేవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టే బహువచనం ఇది. ప్రైవేటీకరణ వ్యతిరేక శిబిరంలో మైకు అందితే ఇదే తాత “మనం” అంటాడు. ఇంటికొచ్చాక “మేము” అవుతుంది. చివరి దీర్ఘం సముచ్చయార్థకం. అది ఒప్పుకోలో గొప్పో, ఆయన దాన్ని ఎంతసేపు సాగదీశాడన్న దాన్నిబట్టి తేల్చుకోవాలి.

రాళ్ళు = ఇందు శ్లేష కలదు. మొదటి అర్థం, రోడ్డు మీది రాళ్ళు. ఉక్కు కర్మాగారానికి విశాఖే తగిన చోటని 1965లో ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందం చెప్పింది. ఢిల్లీ నాన్చింది. 1966 అక్టోబరులో గుంటూరు జిల్లా నుంచి వచ్చిన టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అంటూ కాలేజీలు ఖాళీ అయ్యాయి. నవంబరు 1న, రాష్ట్రం ఏర్పడి సరిగ్గా పదేళ్ళు నిండిన రోజున, విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయని లెక్క చెబుతారు. తాత ఈ భాగం మనవడికి చెప్పడు. కథ రాళ్ళ దగ్గరికి రాగానే గొంతు సవరించుకుని టీవీ సౌండు పెంచుతాడు. టీకాకారుడు కూడా ఇక్కడ వేళాకోళం ఆపవలెను.

రెండో అర్థం, శంకుస్థాపన రాయి. మూలంలోని క్రియ “వేయు” ఇక్కడే పనికొచ్చింది. మన భాషలో పోలీసుల మీదికి వేసేదీ రాయే, పునాదికి వేసేదీ రాయే. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించి, 1971 జనవరి 20న వచ్చి రాయి వేశారు. వేసిన రాయి చాలా ఏళ్ళు రాయిగానే ఉంది. ఫ్యాక్టరీని నడిపే ఆర్‌ఐఎన్‌ఎల్ సంస్థ పుట్టింది 1982లో. గోదావరి అని పేరు పెట్టుకున్న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. 1966లో ఇరవయ్యేళ్ళవాడికి అప్పటికి నలభై ఆరు. తిరుగుబాటు గెలిచిందనే కబురు కళ్ళజోడుతో చదువుకోవలసి వచ్చింది.

మూడో అర్థం, ఇనుపరాయి. బైలదిల్లా కొండల నుంచి కిరండోల్ రైలు లైను మీద దిగి, విశాఖ రేవులో ఓడెక్కి జపాను పోయిన రాయి. పక్కనే ఫ్యాక్టరీ వచ్చింది గానీ దానికి సొంత ఇనుప గని మాత్రం రాలేదు, ఖనిజం కొనుక్కోవలసిందే. విసరడానికి రాళ్ళకు ఈ ఊళ్ళో ఎన్నడూ లోటు లేదు, కరిగించడానికే లోటు.

రా = సంబోధన. చనువు, బెదిరింపు, బుజ్జగింపు మూడూ దీనికే అర్థాలు. వ్యాఖ్య అనవసరం.

ముందు = ఇదే ఈ వాక్యానికి గుండెకాయ. చదివేవారు దీన్ని దాటేసి “ర్యాలీకి వద్దన్నాడు” అని అర్థం చెప్పుకుంటారు. మూలంలో “వద్దు” ఎక్కడుంది? లేదు. నిషేధం కాదు, వాయిదా. డిగ్రీ ముందు, వెనక ఏమిటో తాత చెప్పలేదు. చెప్పకుండా వదిలింది మరిచిపోయి కాదు.

డిగ్రీ = పట్టా. రాళ్ళ వల్ల వచ్చిన ఫ్యాక్టరీయే, గేటు దగ్గర మాత్రం ఐటీఐ, డిప్లొమా, ఇంజనీరింగ్ సర్టిఫికెట్లు అడిగింది. నువ్వెన్ని రాళ్ళేశావని ఏ ఇంటర్వ్యూలోనూ అడగలేదు. భూములు వదులుకున్న ఊళ్ళవాళ్ళకైతే ఆర్ (పునరావాస) కార్డులు ఇచ్చారు. ఆ కార్డు బీరువాలో పెట్టుకుని ఉద్యోగం కోసం చూస్తూ ముసలివాళ్ళయినవారు ఉన్నారు. తాత ఇదంతా చూశాడు. “ముందు డిగ్రీ” అనేది పిరికితనం కాదు, గేటు దగ్గర నేర్చుకున్న చదువు.

ఆక్షేపము: ఇదే ఊళ్ళో పెద్దలు కుర్రాళ్ళ మాట విన్నది లేదా? ఉంది. 1970లో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభ జరుగుతుంటే, విద్యార్థులు కరపత్రం పంచి, రచయితలు ఎటు నిలబడతారో తేల్చుకోమన్నారు. ఆ జులై 4న విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడింది, శ్రీశ్రీ దానికి అధ్యక్షుడయ్యాడు. దండలు వేసి కూర్చోబెట్టిన అరవయ్యేళ్ళ మనిషిని కుర్రాళ్ళు లేపి నడిపించారన్నమాట. సమాధానము: మనవడు ఈ ఉదాహరణ తెస్తే తాత “ఆయన కవిరా” అంటాడు. కవికి పీఎఫ్ కోత ఉండదని భావం. టీకాకారుడికి ఈ సమాధానం బలంగా తోచలేదు.

పైగా తాత నడత ఆయన వాక్యానికి సాక్ష్యం చెప్పడం లేదు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఫ్యాక్టరీ అమ్మకానికి సూత్రప్రాయంగా సరేనన్నాక, కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షా శిబిరం వెలిసింది. మోకాళ్ళ నొప్పుల ఆయింట్‌మెంటు రాసుకుని, స్టీలు గ్లాసు సంచిలో పెట్టుకుని వెళ్ళి ఆ టెంటులో కూర్చున్నది ఎవరు? ఈయనే. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు కూడా “ప్యాకేజీ ఇచ్చారు, అమ్మమని రాసిచ్చారా?” అన్నదీ ఈయనే. తన డిగ్రీ ఎప్పుడో అయిపోయింది గనుక “ముందు” అనే షరతు తనకు వర్తించదని అన్వయించుకోవాలి.

తాత్పర్యము: ఓ మనవడా, నేను చేసినది నువ్వు చేయకుండా ఉండవని నాకు తెలియును. ఫీజు కట్టితిని. హాల్ టికెట్టు ఎక్కడ పెట్టితివి?

పాఠాంతరము. వంటింటి ప్రతిలో మామ్మ పాఠం వేరుగా ఉంది: “ఈయనేటేసినాడు రాళ్ళు! ఆ రోజు పూర్ణా మార్కెట్టు కాడ మా మావయ్య కొట్లో తలుపులేసుకుని కూకున్నాడు. సాయంత్రం దాకా బయటికి రానేదు.” రెండు పాఠాలలో ఏది ప్రాచీనమో తేల్చడం కష్టం. అయితే “మేము” బహువచనం కనుకను, ఆ వేళ వీధిలో ఎవరో ఒకరు విసిరియే ఉందురు కనుకను, వ్యాకరణరీత్యా తాత వాక్యమునకు దోషము లేదు.