జొన్న మీద పడ్డ మచ్చ

జొన్నకు ‘నేను’ అనడం అలవాటు లేదు. ఒక్క కంకి మీద వందలు, వేల గింజలు ఒరుసుకుంటూ పెరిగిన ప్రాణం. అందులో ‘నేను’ ఎవరో జొన్నకే తెలియదు. అందుకని ఆత్మకథ చెప్పుకుంటున్నా తనను తాను ‘జొన్న’ అనే పిలుచుకుంటుంది. చదివేవారు కాస్త సర్దుకోవాలి.

పుట్టిల్లు ఆఫ్రికా ఈశాన్య భాగం, ఇప్పటి సూడాన్ చుట్టుపక్కల. దక్కన్‌కు వచ్చి వేల ఏళ్లయింది. చెరువు కింద మడి లేని రైతుకు, వాన మీద నమ్మకం లేని నేలకు జొన్నే దిక్కు. కూలికి గింజలు కొలిచే రోజుల్లో కొలిచింది జొన్ననే. గటకైనా, అంబలైనా, రొట్టైనా, తొలి ఏకాదశి నాడు బెల్లం కలిపిన పేలాల పిండైనా అన్నీ తనే. ఇంతగా నమ్ముకున్న జనానికే తన వల్ల జబ్బు వస్తోందన్న మాట పడ్డప్పుడు జొన్నకు తల తీసేసినట్టయింది. ఈ కథ ఆ మాట గురించే.

ముందు రొట్టె సంగతి. మరిగిన ఎసరు పిండిలో పోసి, చెయ్యి చుర్రుమంటుండగానే పిసకాలి. గోధుమకున్న జిగురు జొన్నకు లేదు. వేడినీళ్లకు పిండి కాస్త ఉడికితేనే పట్టు వస్తుంది. ముద్దను అరచేత్తో చరుస్తూ గుండ్రంగా తిప్పుతుంటే ఆ చప్పుడు వీధిలోకి వినబడుతుంది. పెనం మీద వేశాక పైన తడిబట్ట అద్ది, తిరగేసి, చివరికి నిప్పుల మీద ఆనిస్తే పొంగుతుంది. అంచు పగలకుండా తట్టగలిగిన చేతికి ఊళ్లో పేరుండేది. అయితే రొట్టె ఎంత బాగా వచ్చిందన్నది కాదు, దాని పక్కన ఏముందన్నదే లెక్క. ఉన్నవాళ్ల ఇంట్లో పప్పు, పెరుగు, అప్పుడప్పుడు మాంసం. లేనివాళ్ల ఇంట్లో మిరప తొక్కు, ఉల్లిగడ్డ. రోజూ అవే, రెండు పూటలా అవే.

ఆ రెండో ఇంటివాళ్లే హైదరాబాద్ ఆసుపత్రులకు వచ్చేవారు. ముంజేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ చర్మం ముందు ఎర్రగా కంది, తర్వాత నల్లబడి, గరుకై పొలుసులు లేచేది. బట్ట కప్పిన చోట ఒళ్లు మామూలుగానే ఉండేది. ఎండ తగిలిన మేరకు గీత గీసినట్టు మచ్చ. నాలుక మంట, ఆగని విరేచనాలు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ముదిరితే మతి చెడటం. వైద్యులు దాన్ని పెల్లాగ్రా అన్నారు. ఇటాలియన్ భాషలో గరుకు చర్మమని అర్థం.

ఈ జబ్బుకు జొన్న కన్నా ముందు మాట పడింది మొక్కజొన్న. బంధుత్వం ఎంతో గానీ, తెలుగులో మాత్రం జొన్న పేరు తగిలించుకుని తిరుగుతుంది. 1735లో స్పెయిన్‌లోని అస్టూరియాస్ ప్రాంతంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు మొక్కజొన్న తిని బతికే పేదల్లో ఈ రోగాన్ని గుర్తించాడు. మెడ చుట్టూ వచ్చే ఆ మచ్చను నేటికీ కసాల్ హారం అంటారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అది విజృంభించినప్పుడు అంటురోగమన్నారు చాలామంది. వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒప్పుకోలేదు. లోపం తిండిలో ఉందన్నాడు. నమ్మనివాళ్ల కోసం 1916లో రోగుల రక్తాన్ని సూదితో తన ఒంట్లోకి, భార్య ఒంట్లోకి ఎక్కించాడు, రోగుల పొలుసులను మింగాడు కూడా. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు. ఆ లోపించిన వస్తువేమిటో తెలియకుండానే 1929లో పోయాడు. 1937లో శాస్త్రవేత్త కాన్రాడ్ ఎల్వెజెం కుక్కల్లో పెల్లాగ్రాకు సాటి అయిన నల్లనాలుక జబ్బును నికోటినిక్ ఆమ్లంతో నయం చేసి చూపాడు. దాన్నే నియాసిన్ అంటారు, విటమిన్ బి3 అని కూడా.

మొక్కజొన్నలో నియాసిన్ ఉంది, కానీ గట్టిగా ముడిపడి ఉంటుంది, పేగులో ఊడిరాదు. మెక్సికోలో తరతరాలుగా గింజను సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బుతారు. ఆ సున్నం ముడి విప్పుతుంది. యూరప్ వాళ్లు గింజను తీసుకెళ్లారు, సున్నం ముచ్చట వదిలేశారు.

మరి జొన్న చేసిన తప్పేమిటి? మొక్కజొన్నలో కన్నా జొన్నలో ట్రిప్టోఫాన్ ఎక్కువే. ఈ ట్రిప్టోఫాన్ ఎవరంటే, మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం. దీని నుంచి ఒళ్లు తనకు తానే నియాసిన్ పనికి వచ్చే సరుకు తయారు చేసుకోగలదు. రోజంతా ఎండలో పనిచేసే మనిషి 400 గ్రాముల పిండి రొట్టెలు తిన్నాడనుకుందాం. అందులో మాంసకృత్తులు సుమారు 40 గ్రాములు, ట్రిప్టోఫాన్ సుమారు 400 మిల్లీగ్రాములు. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నియాసిన్ లెక్కన ఆరున్నర. పిండిలో నేరుగా ఉన్నది ఇంకో ఎనిమిది. మొత్తం పద్నాలుగు పైచిలుకు. మగవాడికి కావలసింది రోజుకు సుమారు 14 నుంచి 16. కాగితం మీద లెక్క దాదాపు కుదిరింది. ఒంట్లో కుదరలేదు.

ఎందుకు కుదరలేదో చెప్పాలంటే చెరువు కింది ఆయకట్టు తెలియాలి.

తూము ఎత్తగానే నీళ్లు చివరి మడికి పోవు. ముందు దగ్గరి పొలాలు తడవాలి. అరిగిన జొన్న నుంచి వచ్చిన ట్రిప్టోఫాన్‌దీ అదే గతి. అసలు వచ్చేదే తక్కువ: జొన్న మాంసకృత్తుల్లో ఎక్కువ భాగమైన కాఫిరిన్ నీళ్లతో ఉడికితే ఇంకా మొండికేస్తుంది, ఓ పట్టాన అరగదు. ఆ వచ్చిన కాస్త ముందు కండలకు, ఎంజైములకు, రక్తంలోని మాంసకృత్తులకు పోతుంది. కొంచెం మెదడులోను, పేగులోను సెరటోనిన్‌గా మారుతుంది. మిగిలింది కాలేయంలోని కైన్యురెనిన్ కాలువలోకి దిగుతుంది.

ఆ కాలువకు వరసగా తూములు, ఒక్కో తూముకు ఒక్కో నీరటికాడు. మొదటి తూము దగ్గర ట్రిప్టోఫాన్ వలయాన్ని విప్పే ఎంజైముకు ఇనుము కావాలి. కొంచెం కిందికి పోతే కైన్యురెనిన్‌కు ఆక్సిజన్ తగిలించే ఎంజైముంది, దానికి బి2 కావాలి. ఆ తర్వాత కైన్యురెనినేజ్, దానికి బి6. అది లేకపోతే కాలువకు గండి పడుతుంది. సగంలో ఆగిన సరుకు జాంతురెనిక్ ఆమ్లంగా మారి మూత్రంలో కొట్టుకుపోతుంది. ఆ గండిని చూసే వైద్యులు బి6 లోపాన్ని పట్టుకునేవారు. ఇవన్నీ దాటాక ఒక పాయ పక్కకు చీలి ఒంటికి ఇంధనంగా కాలిపోతుంది. మిగిలింది క్వినోలినిక్ ఆమ్లమై, చిట్టచివరి మడికి, అంటే నియాసిన్ కూడా ఒంట్లో చివరికి మారే ఎన్‌ఏడీకి చేరుతుంది. అరవై పాళ్లు వదిలితే ఒక పాలు చేరడమంటే ఇదే. మిరప తొక్కుతో రొట్టె తినే ఇంట్లో ట్రిప్టోఫానే కాదు, బి2, బి6 కూడా అరకొరే. నీళ్లూ తక్కువ, నీరటికాళ్లూ తక్కువ.

ఎన్‌ఏడీ లేకపోతే ఏమవుతుందో ఆ మచ్చే చెబుతుంది. తిన్న గంజి, కొవ్వు కాలి శక్తిగా మారేటప్పుడు వాటి హైడ్రోజన్‌ను మోసుకెళ్లి అప్పగించేది ఎన్‌ఏడీ. మోసి, దించి, మళ్లీ వచ్చి మోస్తుంది. ఆ పని వరకు అది ఖర్చు కాదు. కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చర్మ కణంలో డీఎన్‌ఏ తెగినప్పుడు, మరమ్మతుకు పిలుపు పంపే ఎంజైము ఎన్‌ఏడీని ముక్కలు చేసి వాడేస్తుంది. నిల్వ లేని ఒంట్లో ఆ మరమ్మతు ఆగిపోతుంది. మచ్చ ఎండ గీసిన గీత వరకే ఉండటానికి ఇప్పుడు చెప్పే కారణం అది. పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకోసారి కొత్తగా పుడుతుంది, దానికీ నిల్వ కావాలి, అందుకే విరేచనాలు. మెదడు సంగతి చెప్పనక్కర్లేదు. నియాసిన్‌కే మరో రూపమైన నికోటినమైడ్ మాత్రలు ఇస్తే రెండు మూడు రోజుల్లోనే నాలుక మంట తగ్గి, మనిషి మనుషుల్లో పడేవాడు.

ఇక హైదరాబాద్‌లో జొన్న మీద వేసిన అభియోగం. 1958లో కూనూరు నుంచి పోషకాహార పరిశోధనశాల హైదరాబాద్‌కు మారింది. 1969లో అదే జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ఒక చిక్కుముడి చూశారు. అన్నం తినే పేదలకూ నియాసిన్ అంతంతమాత్రమే, వాళ్లకు పెల్లాగ్రా రావడం లేదు. జొన్న తినేవాళ్లకే ఎందుకు? జొన్నకు, మొక్కజొన్నకు ఉమ్మడిగా ఉన్నదేమిటని వెతికితే లూసిన్ అనే అమైనో ఆమ్లం దొరికింది. జొన్న మాంసకృత్తుల్లో వంద గ్రాములకు 12, 13 గ్రాములు లూసినే. బియ్యంలో ఎనిమిది దగ్గర. ఈ అదనపు లూసిన్ ట్రిప్టోఫాన్ కాలువకు అడ్డం పడుతోందని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. తర్వాత లూసిన్ పెట్టిన కుక్కలకు నల్లనాలుక వచ్చిందన్నారు. బి6 ఇస్తే లూసిన్ తెచ్చిన మార్పులు సర్దుకుంటున్నాయని 1970లలో అదే సంస్థలో గమనించారు.

ఈ తీర్పును అందరూ ఒప్పుకోలేదు. వేరే చోట కుక్కలతో మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. జొన్న తన తరఫున వాదించుకోదు. అయినా ఒక్క మాట అడుగుతుంది: అదే గింజను పప్పుతో, పెరుగుతో, గుప్పెడు పల్లీలతో తిన్నవాళ్ల మెడ మీద ఆ హారం ఎందుకు పడలేదు? వంద గ్రాముల పల్లీల్లో నియాసిన్ 12 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కూలి మనిషి పల్లీలు పండించాడు, నూనె గానుగకు తోలాడు, తను తొక్కుతో తిన్నాడు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. గటక వండే కుండలో అన్నం ఉడికింది. జొన్న తినడం తగ్గిన కొద్దీ పెల్లాగ్రా కూడా కనబడకుండా పోయింది. పళ్లెంలోకి ఇంకా ఏవేవో వచ్చి చేరిన కాలం కూడా అదే కాబట్టి ఘనత ఎవరిదో జొన్న తేల్చదు. తనను పొలంలోంచి, పొయ్యి మీద నుంచి ఒకేసారి పంపేశారన్నది మాత్రం మరిచిపోలేదు. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమన్నప్పుడు మళ్లీ పీట వేశారు. ఒకప్పుడు కూలికి కొలిచిన గింజ ఇప్పుడు రేషన్ బియ్యం తినే ఇంటికి ఖరీదు. షుగర్ ఉన్నవాళ్లు సాయంత్రం పూట బండి దగ్గర రెండు రొట్టెలు కట్టించుకుని పోతున్నారు. పక్కన పప్పు, కూర ఉంటున్నాయి గనక జొన్నకు బెంగ లేదు.

పెల్లాగ్రా పూర్తిగా పోలేదు. తిండి మానేసి తాగేవాళ్లలో కనబడుతుంది. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లలో కూడా అప్పుడప్పుడు కనబడుతుంది, ఆ మందు బి6ను పనిచేయనివ్వదు కాబట్టి. నరాల తిమ్మిర్లు రాకుండా వైద్యులు టీబీ మందులతో బి6 మాత్ర కలిపి రాస్తారు. కైన్యురెనినేజ్ తూము దగ్గర కాపలా ఉండే బి6 అదే. మీ ఇంట్లో ఎవరైనా ఆ మందులు వాడుతుంటే, ‘బలం మాత్రే కదా’ అని దాన్ని పక్కన పడేయనివ్వకండి.